గాలి గోడౌన్

నాకు నలభై ఎనిమిదేళ్ళు. ఆ పరీక్ష పాసవడానికి కావలసినవీ నలభై ఎనిమిది మార్కులే. మొదటిసారి నలభై నాలుగు వచ్చాయి, రెండోసారి నలభై ఆరు. "మార్కులు నీ వయసుని అందుకునేలోపు వయసు ఇంకో అడుగు ముందుకేస్తుందేమో, చూసుకో మరదలు పిల్లా" అన్నాడు బావ. బావంటే మా అక్క మొగుడు, నేను పనిచేసే ఆఫీసుకి యజమాని. ఈ వయసులో నన్ను పిల్లా అని పిలిచే మనిషి లోకంలో బావ ఒక్కడే మిగిలాడు కాబట్టి వేళాకోళాన్ని కూడా భరిస్తున్నాను.

మా వ్యాపారం ఏమిటో చుట్టాలకి ఇప్పటికీ అర్థం కాదు. కంప్యూటర్లు అమ్ముతారు కాబోలు అనుకుని ఊరుకుంటారు. కాదు. ఎక్కడో ఒక పెద్ద కంపెనీ ఉంది. హోల్‌సేల్ వ్యాపారులు ఏ గోడౌన్‌లో ఎంత సరుకుందో చూసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. దాన్ని తిన్నగా ఎవరికీ అమ్మదు. మాలాంటి డిస్ట్రిబ్యూటర్లకి ఇస్తుంది, మేము డీలర్లకి ఇస్తాం, డీలర్లు వ్యాపారులకి ఇస్తారు. సాఫ్ట్‌వేర్ పైనుంచి కిందికి వస్తుంది, తిట్లు కిందనుంచి పైకి వెళ్తాయి. వ్యాపారి డీలర్‌ని తిడతాడు, డీలర్ నన్ను తిడతాడు. నేను మాత్రం ఎవర్నీ తిట్టను, కంపెనీలో ఉన్న మా ఫోనన్నయ్యకి ఫోన్ చేస్తాను. ఇరవై ఏళ్ళుగా ఇదే నా ఉద్యోగం.

కంపెనీ దృష్టిలో డిస్ట్రిబ్యూటర్లు రెండు రకాలు. ఫస్ట్ గ్రేడ్ వాళ్ళకి కంపెనీ ఇంజనీర్లతో నేరుగా మాట్లాడే లైను ఉంటుంది. సెకండ్ గ్రేడ్ వాళ్ళు అందరితోపాటు క్యూలో పడి, ఒకటి నొక్కి, నాలుగు నొక్కి, సంగీతం వింటూ కూర్చోవాలి. పైగా వాళ్ళ డీలర్లలో సగం మందిని తీసుకెళ్ళి ఇంకొకరికి అప్పగిస్తారు. మాది ఫస్ట్ గ్రేడ్. అది నిలబడాలంటే ఆఫీసులో కనీసం ఒక్కరైనా ఏటా కంపెనీ పరీక్ష పాసై ఉండాలి. పోయినేడు మా ఆఫీసులో ఇద్దరం పాసయ్యాం. రెండో ఆయన పాసైన కాగితం చేతికొచ్చిన వారానికే అది చూపించి వేరే చోట మంచి ఉద్యోగం సంపాదించుకున్నాడు. మిగిలింది నేను. ఏడాదికి మూడు అవకాశాలు ఇస్తారు, రెండు అయిపోయాయి.

అంతకుముందు ఎప్పుడూ తప్పలేదు. ఏ బటన్ ఎక్కడుంటుందని అడిగేవాళ్ళు, కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. ఈ ఏడు కొత్తగా సందర్భ ప్రశ్నలని మొదలుపెట్టారు. గోడౌన్‌లో ఉన్న సరుకుకీ కంప్యూటర్‌లో ఉన్న సరుకుకీ తేడా వచ్చింది, మొదట ఏం చేస్తారు? గోడౌన్ గుమాస్తా ఆ వారం సెలవు పెట్టాడా అని అడుగుతాను. నూటికి తొంభై సార్లు తేడా అక్కడే దొరుకుతుంది. నాలుగు జవాబుల్లో "సంబంధిత సిబ్బందిని సంప్రదించాలి" అని ఒకటి ఉంటే ఇదేకదా అని అది పెట్టాను. తప్పట. "సరిపోలిక నివేదిక తీయాలి" అన్నది ఒప్పట. ఆ నివేదిక తీస్తే తేడా ఉందని చెప్తుంది. తేడా ఉందని తెలిసేకదా తల పట్టుకుని కూర్చున్నాం!

"ఉన్నది ఉన్నట్టు చెప్పే జబ్బు మీ ఇంట్లో అందరికీ ఉంది" అన్నాడు బావ. "పెళ్ళైన కొత్తలోనే మీ అక్క నా పాట భరించలేనని మొహం మీదే చెప్పేసింది. వాళ్ళు నిజం అడగట్లేదు, వాళ్ళకేం ఇష్టమో అది అడుగుతున్నారు. అది రాసి రా."

చెప్పినంత తేలికా! చేతికి ఇరవై ఏళ్ళ అలవాటు.

ఇక ఫోనన్నయ్య సంగతి చెప్పాలి. ఆయన కంపెనీలో సపోర్ట్ ఇంజనీరు. పద్నాలుగేళ్ళుగా నెలకి ఇరవై సార్లయినా మాట్లాడుకుంటున్నాం, మనిషిని ఎప్పుడూ చూడలేదు. పొట్టో పొడుగో కూడా తెలియదు. మొదట్లో నన్ను మేడమ్ అనేవారు, రెండో ఏట ఎప్పుడో చెల్లెమ్మ అయ్యాను. కంపెనీ వాళ్ళు డిస్ట్రిబ్యూటర్లకి సొంత నంబర్లు ఇవ్వకూడదు. మాటలన్నీ ఆ లైను మీదే. ఫోన్ కలవగానే ముందు ఒక ఆడగొంతు "సేవల నాణ్యత కోసం ఈ సంభాషణ రికార్డు చేయబడుతుంది" అంటుంది. ఆ తర్వాతే మా అన్నయ్య "చెప్పు చెల్లెమ్మా" అంటారు.

మా ఇద్దరికీ స్నేహం కుదిరింది గాలి గోడౌన్ దగ్గర. ఒక నెలాఖరున ఒక వ్యాపారి లారీ ఒక గోడౌన్ నుంచి బయల్దేరి, టైరు పేలి దారిలో ఆగిపోయింది. మొదటి గోడౌన్‌లో సరుకు లేదు, రెండో గోడౌన్‌కి చేరలేదు. ఎక్కడో ఒకచోట సరుకు కనబడితేగానీ సాఫ్ట్‌వేర్ ఆ నెల లెక్క మూయనివ్వదు. నెల మూయకపోతే మర్నాడు ఒక్క బిల్లు కూడా రాదు. ఆ వ్యాపారి అరుపులకి నా తల ప్రాణం తోకకొచ్చింది. నాకేం తోచిందో, సాఫ్ట్‌వేర్‌లో లేని గోడౌన్ ఒకటి పుట్టించాను. పేరు అడిగితే "గాలి" అని కొట్టాను. సరుకంతా అందులో ఉన్నట్టు చూపించాను, నెల మూసుకుంది. మర్నాడు లారీ వచ్చాక అందులోంచి తీసేశాను. చేశాక భయం వేసి అన్నయ్యకి ఫోన్ చేసి, ఇలా చేయొచ్చా అని అడిగాను.

"నియమావళి ప్రకారం అలా చేయకూడదండీ" అని, ఆగి, ఒక్కసారి దగ్గారు.

పై నెల ఇంకో లారీ ఆగిపోయింది, మళ్ళీ అడిగాను. చేయకూడదండీ, ఒక దగ్గు. మూడోసారికి నాకు బుర్ర వెలిగింది. రికార్డయ్యేది కంపెనీ మాట. దగ్గు వచ్చిందంటే ఆ మాట పట్టించుకోకు, నీ దారిన నువ్వు కానివ్వు అని అర్థం. "దగ్గు తగ్గిందా అన్నయ్యా?" అని అడిగాను నవ్వాపుకుంటూ.

"అవసరాన్ని బట్టి వస్తుంటుంది చెల్లెమ్మా" అన్నారాయన.

అప్పట్నుంచి ఆ దగ్గు మీదే మా ఆఫీసు నడిచింది. "కొత్త వెర్షన్ వెంటనే వేయించండి" అని దగ్గితే, అందులో పురుగులున్నాయి, రెండు నెలలు ఆగమని. "ఫిర్యాదు పెట్టండి, రెండు రోజుల్లో చూస్తారు" అని దగ్గితే, ఎవరూ చూడరు, మీరే ఏదో ఒకటి చేసుకోండని. ఇద్దరం ఏనాడూ దీని గురించి విప్పి మాట్లాడుకోలేదు. గాలి గోడౌన్ మాత్రం నా నోట డీలర్లకి, వాళ్ళ నోట వ్యాపారులకి పాకి, అందరూ వాడే మాట అయిపోయింది. దాన్ని పుట్టించింది నేనని సగం మందికి తెలియను కూడా తెలియదు.

మూడో పరీక్షకి కంపెనీ కొత్త నియమావళి పుస్తకం పంపింది. మూడు వందల పన్నెండు పేజీలు. పుస్తకం రాసినవాడు జన్మలో గోడౌన్ మెట్లెక్కి ఉండడు. మేము లారీ అన్నది అందులో "రవాణా వాహక సాధనం". గుమాస్తా అన్నవాడు "నిల్వ బాధ్యుడు". నూట తొంభయ్యో పేజీలో ఎక్కడో "మార్గమధ్య తాత్కాలిక నిల్వ స్థానం" అని ఒక అధ్యాయమే ఉంది. ఆ పేరు కూడబలుక్కుని చదివేసరికి ఓపిక అయిపోయింది. ఇదేదో కొత్త తద్దినం, మన వ్యాపారులకి అక్కరలేదులే అని ఆ నాలుగు పేజీలూ తిప్పేశాను. మిగతావి చదివాను, అబద్ధం చెప్పను. ప్రతి ప్రశ్నకీ నాకు తోచిన జవాబు పక్కన పెట్టి, కంపెనీ ఏమంటుందో ఆలోచించడం నేర్చుకున్నాను. ఒంటి మీద ఇంకొకళ్ళ బట్టలు వేసుకున్నట్టు ఉండేది.

నాలుగు రోజులుగా ముసురు పట్టి ఉంది. ఆఫీసు గుమ్మం దగ్గర డీలర్ల గొడుగులు నీళ్ళోడుతున్నాయి. పరీక్ష ముందురోజు మధ్యాహ్నం అన్నయ్యకి ఫోన్ చేశాను. పేరుకి ఏదో డీలర్ గొడవ, నిజానికి ధైర్యం కోసం.

"రేపేగా పరీక్ష?" అన్నారు. "ప్రశ్నలు తయారుచేసేవాళ్ళలో ఈసారి నన్నూ వేశారు. ఏం రాశానో చెప్పకూడదు."

"చెప్పొద్దులెండి. లైను పోతే నేనేం కావాలి అన్నయ్యా? పద్నాలుగేళ్ళు మీతో మాట్లాడి, ఇప్పుడు పోయి ఆ సంగీతం వినమంటే నావల్ల కాదు."

"ఏం కాదు. నీకు తెలిసింది తెలిసినట్టే రాయి చెల్లెమ్మా." అని దగ్గారు. ఒకసారి కాదు, రెండుసార్లు.

ఫోన్ పెట్టేసి చాలాసేపు కుర్చీలోనే ఉండిపోయాను. రెండుసార్లు ఎప్పుడూ దగ్గలేదు. అంత గట్టిగా చెప్తున్నారంటే, బావ చెప్పిందీ ఆయన చెప్తున్నదీ ఒకటే. నీకు తెలిసింది రాయకు, రాశావంటే మునిగిపోతావు.

పరీక్ష హాలు ఒక పాత మేడ మూడో అంతస్తులో ఉంది. గడియారం, ఉంగరం, చేతిసంచీ లాకర్లో పెట్టించారు. ఒకావిడ నా జాకెట్టు చేతుల మడతలు విప్పించి చూసింది, కళ్ళజోడు తీయించి వెలుగులో తిప్పి చూసింది. "దగ్గు, తుమ్ము వస్తే చెయ్యెత్తండి. కెమెరాలో సైగ అనుకుంటారు" అంది. ఆ భయంలో కూడా నవ్వొచ్చింది నాకు. పక్క గదిలో ఎవరో ఏదో వేరే పరీక్ష రాస్తూ కాలు ఊపుతున్నాడు, అద్దం గోడ కూడా ఊగుతోంది.

బాగానే రాశాను. సరిపోలిక నివేదిక తీశాను. నిల్వ బాధ్యుణ్ణి సంప్రదించకుండా పై అధికారికి ఫిర్యాదు పెట్టాను. కంపెనీ ఏం కోరితే అది పెట్టుకుంటూ నలభై ఒకటో ప్రశ్న దాకా కిక్కురుమనకుండా వచ్చాను.

నలభై ఒకటో ప్రశ్న రెండుసార్లు చదివాను. "నెలాఖరున ఒక వ్యాపారి సరుకు మార్గమధ్యంలో నిలిచిపోయింది. డిస్ట్రిబ్యూటర్ సంస్థ ఉద్యోగి ఒకరు సిస్టంలో, భౌతికంగా లేని ఒక గోడౌన్‌ను సృష్టించి, సరుకును అందులో చూపించి ఆ నెల ముగించారు. మరుసటి రోజు సరుకు చేరిన తరువాత ఆమె ఆ నమోదును తొలగించారు. ఆమె చేసిన పని: అ) సరైనది. ఆ) అనుమతి ఉంటే సరైనది. ఇ) నియమోల్లంఘన. ఈ) సమాచారాన్ని తప్పుదోవ పట్టించడం."

ఆమె అని ఉంది. ఇంకెవరు ఆమె! నేనే. రాసింది ఎవరో కూడా తెలిసిపోయింది. చెయ్యి దానంతటదే వెళ్ళి అ మీద నొక్కింది. ఇన్నేళ్ళలో ఆ గోడౌన్ వల్ల ఒక్క బస్తా పోలేదు, ఒక్క మనిషి నష్టపోలేదు. అది సరైన పని కాకపోతే నేను చేసిన పనుల్లో సరైనది ఇంకేముంది?

తర్వాతి ప్రశ్నకి వెళ్ళబోతూ ఆ రెండు దగ్గులూ గుర్తొచ్చి ఆగాను. ఇందుకన్నమాట ఆయన అంత గట్టిగా దగ్గింది. నా పనినే తీసుకెళ్ళి తప్పుగా నిలబెట్టమని పైవాళ్ళు చెప్పి ఉంటారు, ఆయన రాయక తప్పి ఉండదు. నన్ను ముందే హెచ్చరించారు. అ మీద ఉన్న చుక్క తీసేసి ఇ మీద పెట్టాను. నియమోల్లంఘన. ఏడుపొచ్చింది గానీ పైన కెమెరా ఉందని ఆపుకున్నాను.

ఆఖరి బటన్ నొక్కిన నిమిషానికే ఫలితం వచ్చింది. నలభై ఏడు.

బయట ఆవిడ ఇచ్చిన కాగితంలో ఏ భాగానికి ఎన్ని మార్కులో విడివిడిగా ఉన్నాయి. మిగతా భాగాల్లో అటూ ఇటూగా ఉన్నాయి, పోనీ అనుకోవచ్చు. "గోడౌన్లు, సరుకు బదిలీ" అన్నదాని ఎదురుగా ఆరింటికి అయిదు. నేను నిద్రలో లేపినా చెప్పే భాగం అది. మెట్ల మీద నిలబడి ఆ అయిదు అంకె మళ్ళీ మళ్ళీ చూశాను.

బావ కింద కారులో ఉన్నాడు. నా మొహం చూసి అద్దం దించాడు.

"ఎన్ని?"

"నలభై ఏడు."

"ఒక్క మార్కా?"

"ఒక్కటే బావా."

వయసు మీద ఏదో ఒకటి అంటాడని చూశాను. "ఎక్కు" అన్నాడంతే. హ్యాండ్ బ్రేక్ దించడం మర్చిపోయి రెండు వీధులు అలాగే నడిపాడు. డీలర్లలో ఎవరెవరు వెళ్ళిపోతారో మనసులో లెక్కపెట్టుకుంటున్నాడని నాకు తెలుసు. ఒక్క వేళాకోళం ఆడి ఉంటే ప్రాణం తెరిపిన పడేది.

ఆఫీసుకి రాగానే తలుపు వేసుకుని లైను కలిపాను. ఆడగొంతు తన ముక్క తను చెప్పింది.

"చెప్పు చెల్లెమ్మా. పాసయ్యావా?"

"నలభై ఏడు అన్నయ్యా."

అటువైపు కుర్చీ కదిలిన చప్పుడైంది. "అదెలా? నలభై ఒకటోది అ పెట్టావు కదా?"

"ఇ పెట్టాను."

"ఇ ఏమిటి!" ఆయన గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. మాటలు రికార్డవుతున్నాయన్న ధ్యాస కూడా ఉన్నట్టు లేదు. "మూడేళ్ళు చెవినిల్లు కట్టుకుని పోరాను చెల్లెమ్మా వాళ్ళతో. ఇది బయట అందరూ వాడుతున్నారు, ఎవరికీ నష్టం లేదు, ఒప్పుకోండయ్యా అని. ఆఖరికి ఒప్పుకున్నారు. కొత్త నియమావళిలో దానికో అధ్యాయం పెట్టారు. గాలి గోడౌన్ అంటే మర్యాదగా లేదని పేరు మార్చారు గానీ, నీదే అది."

"మార్గమధ్య తాత్కాలిక నిల్వ స్థానం" అన్నాను.

"అదే. చదివావుగా మరి?"

"పేజీలు తిప్పేశాను."

"పరీక్షలో ఆ ప్రశ్న ఉండాలని పట్టుబట్టి పెట్టించాను. అందులో ఆమె అని కూడా నేనే రాశాను, నీకు తెలియాలని. పుస్తకం చదవకపోయినా ఒక్క మార్కు నీ చేతిలో ఉంటుందనుకున్నాను. తెలిసింది తెలిసినట్టే రాయమన్నానుగా!"

"అన్నారు. అని దగ్గారుగా అన్నయ్యా. రెండుసార్లు."

అటు ఆయనకి అర్థమవుతోంది, ఇటు నాకూ అర్థమవుతోంది.

"నాలుగు రోజులుగా దగ్గే చెల్లెమ్మా నాకు" అన్నారు నెమ్మదిగా. "వానలో తడిశాను. తగ్గట్లేదు."

అంటూండగానే దగ్గు తెర వచ్చింది. ఈసారి ఆగలేదు. ఫోన్ దూరంగా పెట్టి దగ్గుతున్నారు, అయినా వినబడుతోంది. లోపల్నుంచి, తడిగా, మనిషిని వంచేసే దగ్గు. పద్నాలుగేళ్ళు చెవి రిక్కించి విన్నదాన్ని, నిన్న ఆ తేడా ఎలా వినలేదో! వినాలని ఉంటేగా. ఆయన దగ్గితే నాకేం చెప్తున్నారా అని వెతకడమేగానీ, ఒంట్లో బాగాలేదేమో అన్న ఆలోచనే రాలేదు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు నిజంగా దగ్గారో, ఎన్నిసార్లు నేను నవ్వుకుంటూ ఫోన్ పెట్టేశానో. పప్పులో కాలేసింది పరీక్షలో కాదు. సిగ్గేసింది నాకు.

దగ్గు ఆగాక అడిగాను. "మందు వేసుకుంటున్నారా అన్నయ్యా?"

"వేసుకుంటున్నాను."

"డాక్టరుకి చూపించారా?"

"ఇంకా లేదు."

"ఇంట్లో ఎవరున్నారు చూసుకోవడానికి?"

ఆయన నవ్వారు. నవ్వితే మళ్ళీ దగ్గొచ్చింది. "పద్నాలుగేళ్ళకి అడిగావు" అన్నారు. ఎవరున్నారో చెప్పలేదు. నంబరు అడుగుదామని నోటిదాకా వచ్చింది గానీ, రికార్డవుతోందని గుర్తొచ్చి మింగేశాను. ఆయన ఉద్యోగానికి నా వల్ల ముప్పు రాకూడదు, ఇప్పటికే ఇంత చేసుకున్నాను.

"లైను ఎప్పటిదాకా ఉంటుంది మీకు?" ఆయనే అడిగారు.

"నెలాఖరు దాకా."

"ఇంకా తొమ్మిది రోజులున్నాయిగా. రేపు చెయ్యి."

"రేపేం పనుంది అన్నయ్యా? డీలర్లు అప్పుడే వేరే డిస్ట్రిబ్యూటర్లకి ఫోన్లు చేసుకుంటూ ఉంటారు."

"పనేం లేదు" అన్నారు. "దగ్గు తగ్గిందా అని అడగడానికి."